పల్చటి అడుగు బూట్లు

నూకన్న చెయ్యి పెద్దది. కొమ్ముకోనం చేపని పడవ అంచు దాకా లాక్కొచ్చి, దుడ్డుకర్రతో నెత్తి మీద ఒక్కటి వేశాడంటే రెండో దెబ్బ అక్కర్లేదని జంగ్లీఘాట్ జెట్టీ మీద చెప్పుకుంటారు. ఆ చెయ్యే ఇంట్లోనూ లేచేది. అన్నం చల్లారినా లేచేది, మాటకి మాట ఎదురొచ్చినా లేచేది, వల ఖాళీగా వచ్చిన రోజున ఊరికే కూడా లేచేది. అతని భార్య తవిటమ్మకి ఎడమ చెవి వినపడదు. ఎందుకని ఎవరూ అడగరు. వాళ్ళుండే డైరీ ఫార్మ్ పేటలో ఆ వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ తెలుసు.

చెల్లెలు సాయిలక్ష్మి దగ్గర మాత్రం ఆ చెయ్యి రెండు రకాలుగా పనిచేసేది. తల్లి లేదు, తండ్రి సముద్రంలో పోయాడు. ఆ తర్వాత ఆమెకి జడ వేసిందీ, బడికి వేలు పట్టుకుని తీసుకెళ్ళిందీ ఆ చెయ్యే. పన్నెండో తరగతి పాసైన రోజున ఇంటింటికీ మిఠాయి పంచిందీ అదే. స్నేహితురాళ్ళతో చెప్పకుండా సినిమాకెళ్ళిందని పడవ తాడుతో వీపు మీద వాతలు తేల్చిందీ అదే.

పోలీసు కానిస్టేబుళ్ళ భర్తీ పడబోతోందని తెలిసినప్పుడు, "మా గుంట పోలీసవుద్ది సూడండి," అని జెట్టీలో అందరికంటే ముందు చాటింది నూకన్నే. సాయిలక్ష్మికి ఆ ఉద్యోగం మీద అంత పట్టుదల ఎందుకో అతనికి తెలియదు. ఖాకీ బట్టలేసుకున్న మనిషి మీద చెయ్యెత్తాలంటే ఎవడైనా ఒక్క క్షణం ఆగుతాడని ఆమె నమ్మకం. ఆ ఒక్క క్షణం కోసమే ఆమె రోజూ తెల్లారకుండా లేచి పరుగెత్తేది.

పరుగు పరీక్షకని నూకన్న ఆమెని వెంటబెట్టుకుని అబర్డీన్ బజారుకి వెళ్ళాడు. కొట్లో ఉన్నవాటిలోకెల్లా లావు అడుగున్న బూట్లు ఏరాడు. మడమ కింద మందంగా మెత్తటి నురగ, కోసుగా ముక్కు, గులాబీ రంగు తాళ్ళు. "మెత్తగుంటే కాలు నొప్పెట్టదు," అని తేల్చేశాడు. చెల్లెలి పాదం ఎలాంటిదో అతనూ చూడలేదు, కొట్టువాడూ చూడలేదు. చిన్నప్పటినుంచి రేవులో, ఇసకలో ఒట్టికాళ్ళతో తిరిగిన పాదం అది. వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ఆ ముక్కులో ఇరుక్కుని చిటికెనవేలు పుండైంది, బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. అన్న కొన్న బూట్లు కదా, ఆమె గుడ్డ చుట్టుకుని పరుగెత్తింది తప్ప నోరు విప్పలేదు.

ఆ పుండుని మొదట చూసినవాడు యుగంధర్. అతనిది ప్రోతరాపూర్. తాతల కాలంలో వచ్చి దీవుల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళ కుటుంబం. డైరీ ఫార్మ్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో జిమ్ము నడుపుతున్నాడు. పరీక్షకి ఒళ్ళు గట్టిపడాలని సాయిలక్ష్మి అక్కడికి వెళ్ళేది. ఒక సాయంత్రం ఆమె భుజాల మీద బరువుల కడ్డీ పెట్టుకుని కూర్చుని లేస్తుంటే మోకాళ్ళు లోపలికి ఒరిగిపోయి, మనిషి తూలింది. అతను కడ్డీ పట్టుకుని దింపాడు.

"బూట్లు తీసెయ్ సాయీ."

"ఎందుకు భయ్యా?"

"పరుపు మీద నిలబడి బరువెత్తుతారా ఎవరైనా? నికాలో, తియ్."

సిగ్గుపడుతూనే తీసింది. ఒట్టి పాదాలతో నిలబడి కడ్డీ ఎత్తితే నేల వచ్చి కాలిని పట్టుకున్నట్టయింది. తూలలేదు. యుగంధర్ ఆ పాదాల వంకే చూస్తున్నాడు. అట్టపెట్టె ఒకటి చింపి నేలమీద పరిచి, దాని మీద నిలబడమని, పెన్సిలుతో పాదం చుట్టూ గీశాడు. ఆ గీత మీద ఆమె బూటు పెట్టాడు. చిటికెనవేలూ బొటనవేలూ రెండూ బూటు బయటే ఉండిపోయాయి.

"చూశావా? ఇంట్లో మనిషిని సగం బయట నిలబెట్టి తలుపేసినట్టుంది," అన్నాడు.

జిమ్ముకొచ్చేవాళ్ళ కోసం అతను చెన్నై నుంచి తెప్పించిన బూట్లలో ఆమె కొలతవి మూడు జతలు బీరువాలో ఉన్నాయి. ఒకటి చేతి తొడుగులా వేలికో గది ఉన్నది. అది చూసి సాయిలక్ష్మి పకపకా నవ్వి, "కోతి కాళ్ళలాగున్నాయి, నాకొద్దు," అంది. రెండోది మరీ పల్చటిది. మూడోది దాని కంటే కాస్త మందం, అడుగున గాట్లున్నది. యుగంధర్ రెండోదాన్ని తీసి రొట్టెలా మడిచి గుప్పిట్లో పెట్టి చూపించాడు. మడమ ఎత్తూ ముందు ఎత్తూ ఒకటే. ముక్కు దగ్గర వెడల్పు.

"పేరుకి బూట్లు, పనికి ఒట్టికాళ్ళు," అన్నాడు.

"అలాగైతే ఒట్టికాళ్ళతోనే పరుగెడితే పోలేదా?"

"రోడ్డు మీద గాజుముక్కలు నీ చుట్టాలా?"

ఆమె రెండోదాంట్లో కాలు పెట్టింది. సిమెంటు గరుకంతా అరికాలికి తెలిసింది. వేళ్ళు విప్పుకున్నాయి. షెడ్డులో ఆ చివర్నుంచి ఈ చివరికి చప్పుడు లేకుండా పరుగెత్తింది. ఎన్నో ఏళ్ళుగా నొక్కిపట్టి ఉంచినవాళ్ళెవరో చెయ్యి తీసేసినట్టనిపించింది.

"జిమ్ముకైతే అదే మంచిది. పరుగుకి మాత్రం మూడోది తీసుకో. కాస్త మందం ఉంది, వానలో జారదు కూడా."

"నాకిదే కావాల భయ్యా."

"సరే. పర్ సున్, కానీ విను. వీటితో రోడ్డు మీద పరుగు ఇప్పుడే వద్దు. ముందు ఇంట్లో నడువు. తర్వాత గడ్డి మీద కాసేపు, వారానికి కాస్త పెంచు. ఇన్నాళ్ళూ పరుపు మీద పడుకున్న కాలు, ఒకేసారి రాతి మీద పడుకోబెడితే ఊరుకోదు. ధీరే ధీరే, మెల్లమెల్లగా. సమఝీ?"

"సమఝీ," అందామె. అప్పటికే ఆమె మనసు రోడ్డు మీద ఉంది.

ఇంటికెళ్ళేసరికి నూకన్న గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆమె చేతిలో బూట్లు లాక్కుని, ఒకదాన్ని మడిచి, వాసన చూసి, "ఇవేటి, కాయితం బూట్లు? నాను కొన్నవి ఏటి సేసేవు?" అన్నాడు.

"కాలు పట్టలేదన్నియ్యా. యుగంధర్ భయ్యా ఇచ్చాడు, ఇవైతే..."

మాట పూర్తి కాలేదు. చెంప మీద పడింది. "నాను కొన్నది కాలికి పట్టనేదు, ఆడిచ్చింది పట్టిందా?" అన్నాడు. కాసేపటికి అతనే కోపం దిగి, "మా అయ్య బతుకంతా ఒట్టికాళ్ళతోనే తిరిగేడు. ఒట్టికాళ్ళని కొనుక్కునేవోల్ని నీ దగ్గరే సూసేను," అని గొణుక్కుంటూ బూట్లు ఆమె ఒళ్ళోకి విసిరాడు. తవిటమ్మ లోపలినుంచి చూస్తూ నిలబడింది. ఆమె ఎప్పుడూ మధ్యలోకి రాదు. వస్తే ఏమవుతుందో చెవికి తెలుసు.

పరీక్ష తేదీ ప్రకటించారు. అనుకున్న దానికంటే ముందే పెట్టారు. సాయిలక్ష్మి నాలుగు రోజులు ఇంట్లో నడిచింది, రెండు రోజులు గడ్డి మీద పరుగెత్తింది. ఆపైన ఆగలేకపోయింది. తెల్లారే వేళ సముద్రం పక్క తారురోడ్డు మీద పల్చటి బూట్లతో పరుగు మొదలుపెట్టింది. పిక్కలు రాయిలా బిగిసిపోయాయి, అయినా వేగం పెరిగింది. ఒక రోజు యుగంధర్ స్కూటర్ మీద ఎదురొచ్చి, "ఏయ్, గడ్డి మీద అన్నానా లేదా!" అని అరిచాడు. ఆమె చెయ్యి ఊపి నవ్వేసి ముందుకెళ్ళిపోయింది. అతనూ నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాడు జిమ్ములో ఆ సంగతి ఎత్తలేదు. ఆమె పరుగు చూసి అతనికీ ముచ్చటేసింది మరి.

పాదం మీద, రెండో వేలి వెనకాల, గుండుసూదితో పొడిచినట్టు నొప్పి మొదలైంది. వాచింది. ఉప్పునీళ్ళలో కాలు పెట్టుకుని కూర్చునేది, తెల్లారితే మళ్ళీ పరుగు. చివరికి పరీక్ష రోజున మైదానంలో, మలుపు తిరుగుతుండగా, కొబ్బరి మట్ట విరిగినట్టు లోపల ఏదో పటుక్కుమంది. ఆమె బోర్లా పడింది.

పెద్దాసుపత్రిలో ఫోటో తీసి, ఎముకలో చీలిక ఉందన్నారు. "రోజూ కొంచెం కొంచెం దెబ్బ తిన్న ఎముక ఇది. నొప్పి వచ్చిన రోజే ఆగి ఉంటే ఇంతదాకా రాదు," అని డాక్టరు కోప్పడి, మోకాలి కింద నుంచి కట్టు వేసి, పరుగు మాటే ఎత్తొద్దన్నాడు. ఆ ఏటి పరీక్ష పోయింది. సాయిలక్ష్మి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, పళ్ళతో దిండు కొరుకుతూ ఏడ్చింది. తవిటమ్మ పక్కన కూర్చుని, "మీ అన్నియ్య ఒచ్చేలోగా ఏటి సెప్పాలో ఆలోసించుకో," అంది.

అప్పుడు నూకన్న వేటలో ఉన్నాడు. వచ్చిన రోజు మధ్యాహ్నం జెట్టీలోనే ఎవరో చెప్పేశారు. తడి బట్టలతోనే ఇంట్లోకి వచ్చాడు. కట్టు చూశాడు. ఆమె ముఖం చూశాడు. సాయిలక్ష్మి దెబ్బకి సిద్ధపడి కళ్ళు మూసుకుంది. పడలేదు. అతను నేలమీద కూలబడి, కట్టు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి ఆమెకి దెబ్బ కంటే ఎక్కువ భయమేసింది.

"నీ కాలిరగ్గొట్టీసేడు ఆడు," అన్నాడు.

"కాదన్నియ్యా. భయ్యా రోడ్డు మీద వద్దన్నాడు. నానే ఇనలేదు. తప్పు నాది."

"ఆ కాయితం బూట్లు ఎవులిచ్చేరు?"

"ఇచ్చింది ఆయనే, కానీ..."

"సాలు."

"అన్నియ్యా, ఇను. నానే పరుగెత్తేను. నానే!"

అతను లేచాడు. మూలనున్న పల్చటి బూట్లు రెండూ చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. అతని చెవిలో మాట దూరే దారి మూసుకుపోయిందని సాయిలక్ష్మికి అర్థమైంది. ఇన్నేళ్ళలో ఆ నడక ఎన్నిసార్లు చూసిందో. గోడ పట్టుకుని లేచి, చంకకర్ర తీసుకుంది. తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎల్లకు. ఆడి కోపం ఆడి మీద పోనీ. నీ మీద కాదు గదా."

"వదినా, తప్పుకో."

"నానెప్పుడైనా ఎల్లేనా? బతికే ఉన్నాను గదా."

సాయిలక్ష్మి వదిన చెయ్యి తోసేసి రోడ్డెక్కి ఆటో ఆపింది.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి లోపల ఇనప సామాను దొర్లుతున్న చప్పుడు. జిమ్ముకి వచ్చే కుర్రాళ్ళిద్దరు వాకిట్లో నిలబడ్డారు. ఒకడి ముక్కునుంచి రక్తం కారుతోంది. "పాగల్ హో గయా," అంటున్నాడు రెండోవాడు, లోపలికి పోయే ధైర్యం లేక. ఆమె వాళ్ళని దాటుకుని వెళ్ళింది.

యుగంధర్ బలవంతుడే. నూకన్నని నేలకి అదిమిపట్టి, మెడ మీద మోకాలు పెట్టి, "భయ్యా, శాంత్ హో జా, నా మాట విను, నేను వద్దన్నాను," అని బతిమాలుతున్నాడు. అతని పెదవి చిట్లి ఉంది, కనుబొమ్మ మీద తోలు లేచిపోయి ఉంది. రోజూ బరువులెత్తే ఒళ్ళే గాని మనిషిని కొట్టి ఎరగదు. నూకన్న అలా కాదు. మెడ తిప్పి, అందిన తొడని పళ్ళతో పట్టుకున్నాడు. యుగంధర్ కేక పెట్టి వదిలేశాడు. అంతే. నూకన్న తలతో అతని ముఖం మీద కుమ్మాడు. యుగంధర్ వెనక్కి పడి, బల్లకి వీపు కొట్టుకుని, కాళ్ళు చాపి కూలబడ్డాడు. అతని కాళ్ళకీ అలాంటి పల్చటి బూట్లే ఉన్నాయి.

నూకన్న గోడకి ఆనించిన ఇనప బిళ్ళ ఒకటి ఎత్తాడు. ఇరవై కిలోల బిళ్ళ. రెండు చేతుల్తో తలపైకి లేపాడు.

"మా గుంట కాలు ఇరగ్గొట్టేవు. కాలికి కాలు."

"అన్నియ్యా!"

బిళ్ళ అంచు నిలువుగా దిగింది. కుడి పాదం ముందుభాగం మీద. ఆ బూటులో అడ్డుపడడానికి ఏముంది? గుడ్డ, వేలెడు మందం కూడా లేని రబ్బరు. సాయిలక్ష్మికి వినపడింది యుగంధర్ అరుపు కాదు, దానికి ముందు వచ్చిన చప్పుడు. తర్వాత ఎన్ని నెలలు గడిచినా అన్నంలో ఎముక కొరికితే అదే చప్పుడు వినపడేది. నూకన్న బిళ్ళ మళ్ళీ లేపాడు, మళ్ళీ దించాడు. బూటు గుడ్డలోంచి ఎర్రగా ఊరి సిమెంటు మీద పరుచుకుంది. యుగంధర్ అరవడం మానేశాడు, నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

మూడోసారి బిళ్ళ లేచినప్పుడు నూకన్న చూపు పాదం మీద లేదు. తల మీద ఉంది.

చంకకర్ర ఎప్పుడు పడేసిందో, పొట్టి కడ్డీ చేతికి ఎలా వచ్చిందో సాయిలక్ష్మికి గుర్తులేదు. కట్టున్న కాలి మీద మొత్తం బరువు వేసి అడుగు ముందుకు వేసింది. నొప్పి నడినెత్తిదాకా ఎక్కింది. రెండు చేతులా తిప్పి కొట్టింది. కడ్డీ అన్న కుడి ముంజేతి మీద పడింది. చెయ్యి మధ్యలో వంగకూడని చోట వంగింది. బిళ్ళ జారి అతని వెనకాల పడి, గుండ్రంగా దొర్లుకుంటూ వెళ్ళి గోడకి కొట్టుకుంది.

నూకన్న తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత చెల్లెల్ని చూశాడు.

"నువ్వా, గుంటా," అన్నాడు. కోపంగా కాదు, నమ్మలేనట్టు.

"ఇంకో అడుగేస్తే ఇంకోటి కొడతాను," అంది సాయిలక్ష్మి. కడ్డీ దించలేదు. పోలీసులు వచ్చేదాకా దించలేదు.

యుగంధర్‌కి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలినవాటికి ఇనప పుల్లలు గుచ్చి కట్టారు. నూకన్నకి చెయ్యి సరిచేసి పిండికట్టు వేసి, పక్కన కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు. చెయ్యెలా విరిగిందని ఎస్సై మేడమ్ అడిగితే, "ఇనప సామాను మీద పడ్డాను," అన్నాడు. ఎంత గుచ్చి అడిగినా అదే మాట. చెల్లెలి పేరు ఎత్తలేదు. కేసుంటే దానికి పోలీసు ఉద్యోగం రాదని అతనికి తెలుసు.

ఆ రాత్రి తెల్లారేసరికి గవరయ్య ఇంటికి వచ్చాడు. జాలర్ల సంఘంలో పెద్ద. సాయిలక్ష్మి తండ్రితో కలిసి వేటాడినవాడు.

"అమ్మా, మీ అన్న నీ పేరు సెప్పనేదు. సూసేవు గదా. నువ్వు కూడా ఏటీ సూడనేదని సెప్పీ. నువ్వెల్లేసరికే అయిపోయిందను. ఆ కుర్రోడి ఇంటోల్లతో మేం మాటాడి రాజీ సేయిస్తాం. తల్లీ తండ్రీ ఆడే గదా నీకు."

తవిటమ్మ తలుపు చాటునుంచి, "పెద్దాయన సెప్పినట్టు సెప్పు," అంది.

సాయిలక్ష్మి ఆలోచించింది. అన్న ఏడుపు గుర్తొచ్చింది, కట్టు మీద వేసిన చెయ్యి గుర్తొచ్చింది. మూడోసారి బిళ్ళ లేచినప్పుడు అతని చూపు ఎక్కడుందో కూడా గుర్తొచ్చింది. "నాను ఆపకపోతే చంపేసేవోడు తాతా," అంది. గవరయ్య లేచి వెళ్ళిపోయాడు.

స్టేషన్లో జరిగింది జరిగినట్టు చెప్పింది. బూట్లు తనే ఎంచుకున్నానని, యుగంధర్ వద్దన్నా రోడ్డు మీద పరుగెత్తానని, అన్న బిళ్ళ ఎన్నిసార్లు దించాడో, తను కడ్డీతో ఎక్కడ కొట్టిందో, అంతా. ఎస్సై మేడమ్ రాయడం ఆపి తలెత్తింది.

"నువ్వు కొట్టావని మీ అన్న చెప్పలేదే."

"తెలుసు మేడమ్. కొట్టింది నేనే."

"భర్తీకి తయారవుతున్నావట?"

"అవును."

ఆమె సాయిలక్ష్మి కట్టు వంక చూసింది. "చంపబోయేవాణ్ణి ఆపడానికి కొట్టిన దెబ్బ నేరం కాదు. అలాగే రాస్తాను. కానీ ఇంటికెళ్ళాక ఇంతకంటే కష్టం ఉంటుంది. నా నంబరు పెట్టుకో," అంది.

ఆ మాట నిజమే అయింది. నూకన్నని ప్రోతరాపూర్ జైలుకి పంపిన రోజున తవిటమ్మ ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. "అన్నని జైల్లో ఎట్టిన సెల్లివి నువ్వు. ఆడు నిన్ను దాసేడు, నువ్వు ఆణ్ణి అప్పగించేవు!" అని అరిచింది. సాయిలక్ష్మి తిరిగి చెయ్యెత్తలేదు. వదిన అలిసిపోయి తనే వదిలేసింది. తర్వాత ఇద్దరూ ఒకే గదిలో చెరో మూలా పడుకున్నారు.

ఆస్పత్రికి వెళితే యుగంధర్ తల్లి దేముడమ్మ వరండాలోనే ఆపి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, చెంగు దులిపి పొమ్మంది. ఆమె కళ్ళుగప్పి లోపలికెళితే యుగంధరే తల పక్కకి తిప్పుకున్నాడు.

"నువ్వు ఆపావని అందరూ చెప్పారు. కోర్టులో నేనూ చెప్తాను. కానీ ఇక్కడికి రాకు సాయీ. నీ ముఖం చూస్తే ఆ బిళ్ళే కనపడుతోంది."

ఆమె వెళ్ళలేదు. జిమ్ము మూతపడింది. బరువులు ఎవరో కొనుక్కుపోయారు.

కట్టు విప్పాక సాయిలక్ష్మి ఒక్కతే బజారుకెళ్ళింది. కొట్టువాడు లావు అడుగువి చూపిస్తే వద్దంది. నిలబడి, వేళ్ళు విప్పి, ముక్కు దగ్గర ఎంత చోటుందో చూసుకుంది. వెడల్పుగా, మడమ ఎత్తు లేకుండా, అడుగు మాత్రం కాస్త మందంగా ఉన్న జత దొరికేదాకా నాలుగు కొట్లు తిరిగింది. వాటితో గడ్డి మీద నడక మొదలుపెట్టింది. నొప్పి వచ్చిన రోజున ఆగిపోయేది. మళ్ళీ భర్తీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఈసారి ఆమెకి తొందర లేదు.

వదిన చేపలమ్మకానికి వెళ్ళేది. నెల గడిచేసరికి ఆమెలో ఏదో మారింది. అన్నం వండి ముందు తను తినేది. ఒక మధ్యాహ్నం పట్టపగలు గాఢంగా నిద్రపోయి లేచి, తనకి తనే ఆశ్చర్యపోయి, "ఎన్నేళ్ళయిందో ఇలాగ తొంగుని," అంది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా మాటలు మళ్ళీ అప్పుడే మొదలయ్యాయి.

నూకన్నకి బెయిలు వచ్చింది. ఎవరినీ బెదిరించకూడదు, కొట్టకూడదు, వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలి. ఒక సాయంత్రం చేతికి కట్టుతోనే ఇంటికొచ్చాడు. విరిగిన చోట ఎముక సరిగా అతక్క మళ్ళీ కట్టు వేశారు. చిక్కిపోయాడు. తవిటమ్మ అన్నం పెట్టింది. ఎడం చేత్తో తింటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎందుకు సెప్పేవు?"

"జరిగింది సెప్పేను అన్నియ్యా."

"నాను నీ పేరు సెప్పనేదు."

"తెలుసు."

"జెట్టీలో నా మొకం సూడ్డం నేదు ఎవులూ. పడవెక్కించుకోడం నేదు. నిన్ను ఈ సేత్తో పెంచేను."

"పెంచేవు. ఆ చేత్తోనే వదిన చెవి పోగొట్టేవు. ఆయన కాలు పోగొట్టేవు. నీకు కోపమొస్తే అడ్డం ఎవులుంటారో నీకు కనపడదు."

కంచం గోడకి తగిలింది. ఎడం చెయ్యి లేచింది. కుడిచెయ్యంత వాటం లేకపోయినా బలం మాత్రం అదే. సాయిలక్ష్మి పక్కకి పడింది, పెదవి పళ్ళకి తెగి రక్తం గడ్డం మీదికి కారింది. అతను ముందుకి వంగి ఇంకోసారి ఎత్తాడు. ఆమె వెనక్కి జరగలేదు. పడ్డచోటే లేచి కూర్చుని, చేత్తో రక్తం తుడుచుకుని, ఫోను తీసి ఎస్సై మేడమ్ నంబరు నొక్కింది. అతని కళ్ళెదుటే. అవతల మోగుతోంది.

తవిటమ్మ వచ్చి ఆమె చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అదీ! ఆపీ దాన్ని," అన్నాడు నూకన్న.

తవిటమ్మ ఆపలేదు. వినపడే కుడి చెవికి ఆనించుకుంది.

"మేడమ్. నాను నూకన్న పెళ్ళాన్ని మాటాడతన్నాను. తవిటమ్మని." ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. "ఇప్పుడే మా ఆడబడుసుని కొట్టేడు. రక్తం కారతంది. కాదు, ఆ అమ్మాయి సెప్పమంటే కాదు, నానే సెప్తన్నాను. నాకు ఎడం సెవి ఇనపడదు మేడమ్. అది కూడా రాసుకోండి. ఎప్పుడో జరిగింది. రాసుకోవచ్చా?"

నూకన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పెళ్ళాన్ని ఎన్నడూ చూడనట్టు చూశాడు. ఆమె గుమ్మానికి వీపు ఆనించి, మధ్య మధ్యలో "ఆ మేడమ్," అంటూ, ఎన్నో ఏళ్ళ మాటలు ఒకటొకటిగా చెబుతోంది. అతను నెమ్మదిగా చెయ్యి దించుకున్నాడు. పారిపోలేదు. చెల్లాచెదరైన మెతుకుల మధ్య గోడకి చేరబడి కూర్చున్నాడు.

జీపు చప్పుడు వినిపించేసరికి లేచి, దండెం మీద చొక్కా అందుకున్నాడు. కట్టున్న చెయ్యి దూర్చలేక అవస్థపడ్డాడు. సాయిలక్ష్మి కదలలేదు. తవిటమ్మ ఫోను పక్కన పెట్టి దగ్గరికెళ్ళింది. కట్టు మీదుగా చొక్కా లాగి, ఒక్కొక్క గుండీ పెట్టింది. పై గుండీ దగ్గర అతను "తవిటీ," అని ఏదో అనబోయాడు. ఆమె గుండీ పెట్టడం పూర్తిచేసి, పక్కకి జరిగి, తలుపు బార్లా తీసింది.